మోకాలు వేసిన మార్కులు: చెన్నై నుంచి ఒక్కోటి ఒక్కరోజులో చూసొచ్చే నాలుగు జలపాతాలు

ఈ జలపాతాలకు ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ల రివ్యూలు చదవండి. చాలామంది గోడు ఒకటే: నీళ్లు లేవు, పెట్రోలు దండగ. కింద తేదీ చూస్తే ఏప్రిలో మేనో ఉంటుంది. చెన్నైకీ, చెన్నైకి పైనున్న మన తిరుపతి జిల్లా కొండలకీ గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నీళ్లు కొండల్లో ఇంకి, వాగుల్లో నిదానంగా దిగే కాలం డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. వెళ్తే అప్పుడే వెళ్లాలి. నవంబరులో తుపాను వార్త వింటూనే బ్యాగు సర్దుకునేవాళ్లకు ధైర్యం ఎక్కువ, బుద్ధి తక్కువ. మేలో వెళ్లి ఎండిన బండలను ఫొటో తీసుకొచ్చి కొండను తిట్టడం మాత్రం న్యాయం కాదు.

నేను ఫిజియోథెరపిస్టును. పెరంబూరులో ఉంటాం, పుట్టింది నెల్లూరు వైపు. జలపాతాల అందం గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను మోకాళ్ల తరఫున, చీలమండల తరఫున మార్కులు వేస్తాను. మా ఇంట్లో పరీక్షకు అన్ని రకాల కాళ్లూ ఉన్నాయి. ఇంజినీరింగ్ చదివే మావాడు మేకలా దూకుతాడు. మా ఆయన రోజంతా కుర్చీలో కూర్చునే ఆడిటింగ్ మనిషి. అత్తయ్యకు డెబ్బై దాటాయి, కుడి మోకాలు అరిగింది, కానీ "మీరు ఇంట్లో ఉండండి" అంటే మూతి ముడుచుకుంటారు.

చెన్నైవాళ్లు తమవనుకుని వారం వారం వెళ్లే ఈ జలపాతాలు దాదాపు అన్నీ ఆంధ్రలోనే ఉన్నాయి. ఊత్తుకోట దాటి సరిహద్దులోకి అడుగుపెడితే తమిళ కుర్రాళ్లు దారి అడగడానికి తడుముకుంటారు, అప్పటిదాకా వెనక సీట్లో కునుకు తీస్తున్న మనం పెద్దమనుషులం అయిపోతాం.

నాగలాపురం

ఇది మేం సొంతంగా కాకుండా ఒక ట్రెక్కింగ్ బృందం ప్యాకేజీలో వెళ్లాం. వాళ్ల పేరు ఇక్కడ అనవసరం, చెన్నైలో ఇలాంటివి చాలానే నడుస్తున్నాయి. అత్తయ్యను వదిలేసి ముగ్గురమే వెళ్లాం.

దారి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే దారే సగం సుఖం. రెడ్‌హిల్స్ దాటాక పెరియపాళెం, ఊత్తుకోట మీదుగా డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో వెళ్లాలంటే మాధవరం బస్టాండు నుంచి ఊత్తుకోట మీదుగా తిరుపతి వెళ్లేవి ఉంటాయి. ఊత్తుకోట దగ్గరే తెలుగుగంగ కాలువ కనిపిస్తుంది. కండలేరు నుంచి పూండి చెరువుకు కృష్ణా నీళ్లు వెళ్లేది అందులోనే, ఆ తర్వాత మా పెరంబూరు కొళాయిలోకి. సరిహద్దు దాటిన వెంటనే సురుటుపల్లి. శివుడు లింగరూపంలో కాకుండా పార్వతి ఒడిలో తల పెట్టుకుని పడుకుని కనిపించే గుడి అది. హాలాహలం మింగాక వచ్చిన నీరసం అని స్థలపురాణం. ప్యాకేజీలో ఆ గుడికి టైమ్ లేదన్నారు. నాగలాపురంలో వేదనారాయణ స్వామి గుడికీ లేదన్నారు. ఆ గుడి శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు మీద కట్టించిన ఊరిలోది. స్వామి మత్స్యావతారంలో ఉంటాడు. ఏటా మార్చిలో మూడు రోజులు సాయంత్రపు ఎండ వరసగా పాదాల మీద, నాభి మీద, తల మీద పడుతుంది. వ్యాను ఆ గోపురం పక్కనుంచే పోయింది, ఆగలేదు. మావాడు తప్ప అందరం తలతిప్పి చూశాం.

ఊరి అవతల చిన్న ఆనకట్ట దాకా బండి వెళ్తుంది. అక్కడి నుంచి దారి అంటూ వేరే ఏమీ లేదు, వాగే దారి. దాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు దాటుకుంటూ పోవాలి. వాగులో గుండ్రటి రాళ్లు ఉంటాయి, పైన నీళ్లు తేటగా ఉండి రాయి దగ్గరగా, గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాలు పెడితే దొర్లుతుంది. పాదం లోపలికి మడత పడి చీలమండ బయటివైపు బెణకడం అంటే ఇదే. అక్కడ ముందువైపు ఉండే ఒక చిన్న లిగమెంటు అందరిలోనూ ముందుగా తెగేది. పాచి పట్టిన బండ కంటే ఈ దొర్లే రాళ్లే ఎక్కువ మందిని నా బల్ల మీదికి పంపుతాయి. పాచిని చూస్తే భయపడి జాగ్రత్తగా నడుస్తారు, వీటిని చూసి ఎవరూ భయపడరు.

మడుగులు మాత్రం, ఏం చెప్పను, కళ్లకు అంత మంచివి. మొదటి మడుగు వెడల్పుగా, లోతు తక్కువగా, అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. మా ఆయన అక్కడ నడుముదాకా దిగి ఇక కదలనన్నారు. నన్నడిగితే నాగలాపురం అంటే అదే, అక్కడే రెండు గంటలు కూర్చుని వెనక్కి రావచ్చు. పైకి వెళ్లేకొద్దీ రెండు వైపులా రాతి గోడలు దగ్గరకొస్తాయి. చివరి మడుగు దగ్గర నడక ఆగిపోతుంది, ఇక ఈదాల్సిందే.

ఇక ప్యాకేజీకి మార్కులు. తెల్లవారుజామున చెప్పిన టైముకే వ్యాను వచ్చింది, అది మెచ్చుకోవాలి. తిన్న ప్లాస్టిక్ అంతా సంచిలో కట్టి వెనక్కి మోశారు, అదీ మెచ్చుకోవాలి. మిగతాది కష్టం. నలభై మంది దాకా జనం, ముందొక లీడరు, వెనకొకరు. "మొదటిసారి వచ్చేవాళ్లకు సులువు" అని రాసి డబ్బు కట్టించుకున్నారు కానీ ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు అని ఒక్కరూ అడగలేదు. లోతు మడుగు దగ్గర తాడు కట్టే పని మొదలయ్యేసరికే కుర్రాళ్లు దూకడం అయిపోయింది. నేను అడిగితే లీడరు "ఏం కాదక్కా, అందరూ దూకేదే" అన్నాడు. మంచి పిల్లాడే, వయసు ఇరవై ఐదు ఉండదు, పాపం వాడి మీద అంత బరువు పెట్టినవాళ్లది తప్పు. అందరూ పైదాకా వెళ్లి తీరాలన్న పట్టుదలతో వచ్చేటప్పుడు ఆలస్యమైంది, దిగడమంతా పరుగు మీదే సాగింది. కొండలకు పదికి తొమ్మిది, ప్యాకేజీకి మూడున్నర. ఆ అర మార్కు ప్లాస్టిక్ సంచికి.

దిగేటప్పుడు ఎందుకు పరుగు పెట్టకూడదో ఇక్కడే చెప్పేస్తాను. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అదే కష్టం అనుకుంటాం. మోకాలికి మాత్రం దిగడమే కష్టం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే మన బరువును ఆపాలి, ఆ ఒత్తిడంతా మోకాలి చిప్ప వెనక పడుతుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసేది దీనివల్లే. చిన్న అడుగులు వేయండి, నిటారు చోట పక్కకు తిరిగి దిగండి, చేతికి కర్ర తీసుకోండి. వేలు పోసి కొనే మడత కర్ర అక్కర్లేదు, వెదురు కర్ర చాలు. జీన్స్ వేసుకుని మాత్రం వెళ్లకండి. తడిశాక అది మోకాలిని వంగనివ్వదు.

ఉబ్బలమడుగు

చెన్నైలో దీన్ని తడ ఫాల్స్ అంటారు. తడకూ దీనికీ మధ్య దూరం చాలానే. సెంట్రల్ నుంచి సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగి, అక్కడి నుంచి ఆటోలో శ్రీసిటీ ఫ్యాక్టరీల పక్కనుంచి వరదయ్యపాళెం వైపు పోవాలి. రైల్లో వెళ్తే నడుముకు మంచిది, జేబుకూ మంచిది, తిరుగు ఆటో మాట ముందే మాట్లాడుకోండి. ఊరి పేరు ఉబ్బలమడుగు, పైనున్నది సిద్ధులయ్య కోన. కోనలో శివుడున్నాడు, మహాశివరాత్రికి ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. అత్తయ్య చిన్నప్పుడు శివరాత్రికి ఇంటిల్లిపాదీ చెప్పుల్లేకుండా ఎక్కారట. "అప్పుడు మోకాలుందని కూడా తెలవదమ్మే" అన్నారు.

నడక పోనూ రానూ పది కిలోమీటర్ల దాకా ఉంటుంది. మొదట చెట్ల కింద మామూలు కాలిబాట. తర్వాత బండరాళ్లు. మనిషెత్తు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, చేతులతో పట్టుకుని ఎక్కాలి, కూర్చుని జారాలి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు ఇక్కడికి రావద్దు, మొహమాటం లేకుండా చెప్తున్నా. నలభై దాటి, వారంలో ఒక్కరోజు కూడా నడవనివాళ్లు కనీసం ఒక నెల ముందు నుంచి ఇంటి మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టండి. మా ఆయనతో నేను అదే చేయించాను, దారంతా నన్ను తిట్టుకుంటూ ఎక్కారు, పైన చేరాక మాత్రం ఫొటోలు ఆయనవే ఎక్కువ.

మడుగుల గురించి ఒక్కమాట. పైకి నిశ్చలంగా ఉంటుంది, దరి నుంచి రెండడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా పడిపోతుంది, అడుగున బండలుంటాయి. ఇక్కడ ప్రాణాలు పోయాయి, ఒకటి రెండు కాదు. పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. మందు తాగి దిగే గుంపు కనిపిస్తే ఆ మడుగు వదిలేసి ముందుకు పోండి. వానలు ముదిరినప్పుడు, ఎండలకు కార్చిచ్చు భయం ఉన్నప్పుడు అటవీశాఖవాళ్లు ఈ కోనల్లోకి పోనివ్వరు. బయల్దేరే ముందు కనుక్కోవాలి, మూసి ఉంటే పక్కదారి చూపిస్తామనేవాళ్ల మాట వినకూడదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని చనిపోయారు, వాళ్లలో చెన్నై నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. ఆ వార్త చదివినవాళ్లెవరూ గేటు దగ్గర గార్డుతో వాదన పెట్టుకోరనుకుంటాను.

అడవి నడకగా మాత్రం దీనికే నా ఓటు. మోకాలి లెక్కన పదికి నాలుగు, మిగతా అన్నిటికీ ఎనిమిది. ఇంకో సంగతి, ఇదే సీజన్లో పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు ఉంటాయి. కొండ ఎక్కలేనివాళ్లను సూళ్లూరుపేటలో దింపి అటు పంపొచ్చు. మేం అత్తయ్యను అలాగే సర్దిచెప్పాం.

కాలు బెణికితే, పుత్తూరు గురించి

ఈ కోనల మధ్యలోనే పుత్తూరు ఉండటం దేవుడి చమత్కారం అనిపిస్తుంది. పుత్తూరు కట్టు తెలియని తెలుగువాళ్లు లేరు, తమిళులూ లేరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, అంతే సరంజామా. చెన్నైలో కూడా ఎన్నో వీధుల్లో ఆ పేరుతో బోర్డులుంటాయి. నా వృత్తికి ఇది పోటీ కదా అని అడుగుతారు. ఎముక కదలకుండా కట్టి ఉంచడం ఎక్కడైనా వైద్యమే, అందులో నాకు గొడవ లేదు. నా గొడవ ఒకటే, కట్టుకు ముందు ఎక్స్‌రే తీయించారా లేదా అని.

అందరికీ తీయించమని కూడా అనను. 1992లో కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు దీనికి ఒక సులువైన నియమం తయారుచేశారు, ప్రపంచమంతా వాడుతోంది. చీలమండ దగ్గర నొప్పి ఉన్నప్పుడు, రెండు వైపులా పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచు గానీ కొన గానీ నొక్కితే నొప్పి పుడితేనో, దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత డాక్టరు చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులు వేయలేకపోతేనో ఎక్స్‌రే కావాలి. పాదం మధ్యలో నొప్పికి వేరే గుర్తులున్నాయి, అవి డాక్టరు చూస్తారు. ఇవేవీ లేకపోతే బెణుకే అయ్యే అవకాశం ఎక్కువ. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజి వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టండి. పడుకున్నప్పుడు కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంచండి. మొదటి రెండు రోజులు వేడి నూనె రాసి మర్దన చేయకండి, వాపు పెరుగుతుంది. ఆదివారం రాత్రి వేడి నూనెతో గట్టిగా రుద్ది, సోమవారం ఉబ్బిన కాలితో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ సీజన్లో తక్కువేం కాదు. రుద్దింది ఎక్కువగా వాళ్లమ్మే అయి ఉంటుంది, ఆవిడ పక్కనే కూర్చుని ఉంటుంది, నేను కోప్పడలేను.

కైలాసకోన

పుత్తూరు, నారాయణవనం దాటి నాగలాపురం వైపు వచ్చే రోడ్డుకు కొంచెం లోపల. అత్తయ్య మెచ్చిన జలపాతం. నడక అంటూ పెద్దగా లేదు, మెట్లెక్కితే ధార. నలభై అడుగుల పైనుంచి పడుతుంది, ఏడాది పొడవునా ఆగదు. మిగతావాటికి మే నెలలో వెళ్లకండి అన్నాను కదా, దీనికి ఆ రూలు లేదు. పక్కనే గుహలాంటి చోట శివుడు, అమ్మవారు. ట్రెక్కింగ్ చేస్తామని వచ్చిన కుర్రాళ్లకు పది నిమిషాల్లో విసుగొస్తుంది. ముసలివాళ్లు, పిల్లలు, పెళ్లయిన కొత్త జంటలు మాత్రం కదలరు. నారాయణవనంలో కల్యాణ వేంకటేశ్వరుడి గుడి ఉంది, శ్రీనివాసుడికి పద్మావతికి పెళ్లి జరిగిన చోటని చెప్తారు, కొత్త జంటలు అటునుంచే వస్తారు.

ఆదివారం జనం ఎక్కువ. ధార కింద నిలబడటానికి వరస, వరసలో తోపులాట, బట్టలు మార్చుకోవడానికి ఆడవాళ్లకు ఇబ్బంది. కోతులకు సంచీలో ఏముందో మనకంటే బాగా తెలుసు. మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.

ఈ నీళ్లలో మూలికల సత్తువ ఉందని నమ్మకం. అత్తయ్య తడిసిన చీర పిండుకుంటూ నన్ను నిలదీశారు: "ఏమ్మే, ఈ నీళ్ల కింద నిలబడితే నడుం నొప్పి పోద్దంట గదా, నువ్వేంది నెలనెలా బిళ్లలు మింగిస్తా ఉండావు?" మూలికల సంగతి నాకు తెలియదు. చన్నీళ్లు భుజాల మీద ధారగా పడితే పట్టేసిన కండరం కాసేపు వదులవుతుంది, అంతవరకు నిజమే. అలాగని మెడనొప్పి ఉన్నవాళ్లు ధారను నేరుగా నడినెత్తి మీద పట్టకండి, ఎముకలు గుల్లబారినవాళ్లు అసలే వద్దు. పక్కన చిమ్మే నీళ్లలో కూర్చోండి. మెట్ల దగ్గర తడి ఎక్కువ, వెనక బెల్టున్న రబ్బరు చెప్పులు వేసుకోండి. మోకాలికి పదికి తొమ్మిది. ఒక మార్కు తగ్గించింది రెయిలింగు లేని చోటికి.

తలకోన

ఇది జాబితాలో ఉండకూడదు. చెన్నై నుంచి ఒక్కరోజు అని రాసేవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చోనివాళ్లే. పోనూ రానూ నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే, తిరుపతి దాటి భాకరాపేట, నెరబైలు మీదుగా. మావాడు మంకుపట్టు పడితే వెళ్లాం.

వెళ్లాక నోరు మూసుకున్నాను, నిజం. రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన జలపాతం, 270 అడుగులు. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అడవి. 2010లో ఈ శేషాచలం కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్లు, మనిషి నడుమంత లావుగా చెట్టు నుంచి చెట్టుకు పాకే గిల్లతీగలు. సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గర నుంచి కిందిధారకు వెళ్లే దారి అత్తయ్య వయసువాళ్లు కూడా ఆగి ఆగి నడవగలిగేదే. పైకి వెళ్లే దారి అడవి నడక, కాళ్లకు పని చెప్తుంది కానీ ఉబ్బలమడుగు బండలంత కఠినం కాదు. అంటే అన్ని రకాల కాళ్లకూ ఏదో ఒక దారి ఉన్నది ఇక్కడొక్కచోటే. ఆ లెక్కన మోకాలికి పదికి ఎనిమిది.

నడుముకు రెండు. పొద్దున నాలుగింటికి బయల్దేరి అర్ధరాత్రి ఇల్లు చేరాం, మధ్యలో నీళ్ల దగ్గర ఉన్నది భోజనానికి పట్టినంత సేపు. తిరుపతిలో ఒక రాత్రి ఉండి పొద్దున్నే భాకరాపేట ఘాట్ ఎక్కేవాళ్లకైతే పదికి పది ఇచ్చేదాన్ని. చెన్నై నుంచి ఒకే రోజులో వెళ్లొచ్చేవాళ్లు డ్రైవింగును ఇద్దరు పంచుకోండి, గంటన్నరకోసారి బండి ఆపి దిగి నడవండి. మా ఆయన ఆపనన్నారు. తర్వాత ఆయన నడుముకు నేను ఫీజు తీసుకోకుండా చేసిన వైద్యం విలువ కూడా కలిపితే, మా నలుగురికీ తలకోన ట్రిప్పే అన్నిటికంటే ఖరీదైంది.